మా వాడు ప్లేయర్ అవుతాడట: గేమింగ్ కెరీర్‌పై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఒకప్పుడు కౌంటర్ స్ట్రైక్ అనే కంప్యూటర్ షూటింగ్ గేమ్ ఆడి, ఇప్పుడు హైదరాబాద్‌లో మొబైల్ గేమింగ్ టీమ్‌లకు కోచ్‌గా ఉన్న మా కాలమిస్టు ఈసారి మీ ఉత్తరాలకు జవాబులిస్తున్నారు. అడిగినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. వయసు 17. రాత్రి రెండింటి దాకా బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అనే ఫోన్ షూటింగ్ గేమ్) ఆడతాడు. ‘కాంకరర్’ ర్యాంకు వచ్చిందని బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పాడు. ఇప్పుడు చదువు ఆపేసి ప్రొఫెషనల్ ప్లేయర్ అవుతానంటున్నాడు. కొరియాలో ఎవరో ఫేకర్ అట, అతనూ స్కూల్ మానేసే గొప్పవాడయ్యాడట. వాళ్ల నాన్న వాడితో మాట్లాడటం మానేశారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. అసలు ఇదొక ఉద్యోగమేనా? ఆపాలా, వదిలేయాలా? (ఒక తల్లి, తెనాలి)

జవాబు: అమ్మా, ముందు ఆ ఫేకర్ సంగతి తేల్చేద్దాం. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో సగం మంది ఆ పేరే పట్టుకొస్తారు. అసలు పేరు లీ సాంగ్-హ్యోక్, 1996లో పుట్టాడు, లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే కంప్యూటర్ గేమ్ ఆడతాడు. హైస్కూల్ మధ్యలో మానేసిన మాట నిజమే. కానీ అప్పటికే కొరియా సర్వర్‌లో అతని పేరు మారుమోగుతోంది. ఎస్‌కే టెలికాం వాళ్ల టీమ్ పిలిచి మరీ తీసుకుంది. 2013లో ఆ టీమ్ తరఫున దిగి, అదే ఏడాది ప్రపంచ చాంపియన్ అయ్యాడు. టీమ్ పిలిచాక బడి మానేశాడు గానీ, బడి మానేసి టీమ్ కోసం వెతుక్కోలేదు. ఈ వరస మీ వాడికి ఒకసారి చెప్పి చూడండి.

తర్వాత సుమైల్ పేరు తీస్తాడు, అదీ చెబుతాను. సుమైల్ హసన్ కరాచీ కుర్రాడు, డోటా 2 అనే కంప్యూటర్ గేమ్ ఆటగాడు. నెట్ కేఫ్‌లో ఆడటానికి డబ్బుల్లేక సైకిల్ అమ్మేశానని తనే చెప్పుకున్నాడు. కుటుంబంతో అమెరికా వెళ్లి, ఈవిల్ జీనియసెస్ టీమ్‌లో చేరి, 2015 ఆగస్టులో సియాటిల్‌లో జరిగిన డోటా 2 ప్రపంచ పోటీ ‘ది ఇంటర్నేషనల్’ గెలిచాడు. అప్పటికి వయసు 16. టీమ్‌కు వచ్చిన బహుమతి 66 లక్షల డాలర్ల పైమాట. అబద్ధమేమీ లేదు. (ఇంట్లో సైకిల్ ఉంటే మాత్రం తాళం వేసి ఉంచండి.)

ఇక కాంకరర్. ఒక్కో మోడ్‌లో సర్వర్ మొత్తం మీద పైన ఉన్న 500 మందికి వచ్చే ర్యాంకు అది. తీసిపారేయదగ్గది కాదు. అయితే నైపుణ్యంతో పాటు ఎన్ని గంటలు కూర్చున్నావన్నది కూడా అందులో కలిసిపోయి ఉంటుంది. మూల గదిలో దాక్కుని చివరిదాకా బతికి పాయింట్లు పోగేసేవాళ్లు బోలెడుమంది. టోర్నమెంట్‌లో ఆ ఆట సాగదు. అక్కడ 16 టీమ్‌లు, 64 మంది, అందరూ గట్టివాళ్లే. మ్యాచ్ గెలిస్తే 10 పాయింట్లు, రెండో స్థానానికి 6, మూడుకి 5, అలా తగ్గుతూ ఎనిమిదో స్థానం తర్వాత సున్నా. ఆట నుంచి తప్పించిన ప్రతి ఆటగాడికీ (దీన్నే ఫినిష్ అంటారు) ఒక పాయింటు. దాక్కుంటే ఫినిష్‌లు రావు, దూకితే స్థానం పోతుంది. ఎప్పుడు ఏది చేయాలో నలుగురూ ఒకేసారి తేల్చుకోవాలి. అందుకే టీమ్‌లు మామూలు మ్యాచ్‌ల్లో వచ్చే ఈ ‘క్లాసిక్’ ర్యాంకు కన్నా స్క్రిమ్స్ చూస్తాయి. స్క్రిమ్స్ అంటే టీమ్‌లు తమలో తాము పెట్టుకునే ప్రాక్టీస్ మ్యాచ్‌లు. మీ వాడు ఇంతవరకు ఎన్ని స్క్రిమ్స్ ఆడాడో, ఏ స్క్వాడ్‌తో ఆడాడో అడగండి.

ఇంకో పరీక్ష ఇంట్లోనే పెట్టొచ్చు. మీకు ఆట తెలియక్కర్లేదు. ఓడిపోయిన మ్యాచ్ రికార్డింగ్ ఒకటి పెట్టమనండి. పక్కన కూర్చుని ‘ఎందుకు పోయార్రా?’ అని అడగండి. ‘టీమ్‌మేట్ వేస్ట్, నెట్ లాగ్ అయింది, వాడు హ్యాకర్’ అన్నాడనుకోండి, ఇంకా సరదాకే ఆడుతున్నట్టు. ‘జోన్ అటు పడుతుందని తెలిసి కూడా ఆలస్యంగా కదిలాం, ఒక్క బండే మిగిలింది, నేను ముందే స్మోక్ వేసుంటే ఆ గుట్ట దాటేవాళ్లం’ అంటూ మీకు అర్థం కాకపోయినా పావుగంట చెప్పాడనుకోండి, అప్పుడు కూర్చుని మాట్లాడాల్సిన విషయం ఉంది. ట్రయల్స్‌లో నేను కూడా ముందు ఇదే చూస్తాను. గురి ఉన్న పిల్లలు ప్రతి మండలంలోనూ దొరుకుతారు.

ఉద్యోగమేనా అన్నారు. అవును, ఉద్యోగమే, అందులోనూ కష్టమైనది. బూట్‌క్యాంప్ అంటే ఒక అద్దె ఫ్లాట్. నలుగురైదుగురు ఆటగాళ్లు, కోచ్, మేనేజర్, వంట చేసే మనిషి. మధ్యాహ్నం నిన్నటి మ్యాచ్‌ల వీడియోలు ఆపి ఆపి చూడటం, సాయంత్రం నుంచి రాత్రి దాకా స్క్రిమ్స్. ఎరాంగెల్, మిరామార్ అవే మ్యాపులు, అవే దారులు, విసుగొచ్చేదాకా. ప్రతివాడికీ ఒక పని ఉంటుంది. ఐజీఎల్ (ఇన్-గేమ్ లీడర్) అనే వాడు ఎటు వెళ్లాలో చెబుతాడు, అసాల్టర్ ముందు దూకుతాడు, సపోర్ట్ వాడు వెనక కాపు కాస్తూ తన దగ్గరి మందుగుండు కూడా పక్కవాడికి ఇచ్చేస్తాడు. ఐజీఎల్ మాట తప్పనిపించినా ఆ క్షణంలో ఎదురు చెప్పకూడదు, మ్యాచ్ అయ్యాక ఎంతైనా పోట్లాడుకోవచ్చు. ఇంట్లో తెల్లవార్లూ ఆడిన కుర్రాళ్లే ఇక్కడ మూడో వారానికి ‘ఇంటికెళ్లొస్తాను సార్’ అంటారు.

ఇవన్నీ దాటినా ఇంకో చిక్కు ఉంది. అది మీ వాడి చేతిలోనూ లేదు, నా చేతిలోనూ లేదు. క్రికెట్ ఎవరి సొత్తూ కాదు, బోర్డుతో పడకపోతే ఖాళీ స్థలంలో ఆడుకోవచ్చు. బీజీఎంఐకి యజమాని ఉన్నాడు, క్రాఫ్టాన్ కంపెనీ. ఆ పైన ప్రభుత్వం ఉంది. గేమింగ్ ప్లేయర్ కౌలు రైతు లాంటివాడు, ఎంత బాగా పండించినా పొలం తనది కాదు. 2020 సెప్టెంబర్ 2న పబ్‌జీ మొబైల్‌ను కేంద్రం నిషేధించింది. 2021 జులైలో దాని స్థానంలో బీజీఎంఐ వచ్చింది. 2022 జులై 28న అదీ యాప్ స్టోర్ల నుంచి మాయమైంది. మళ్లీ ఆడనిచ్చింది 2023 మే నెలాఖరులో. దాదాపు పది నెలలు. అప్పుడు నాకు తెలిసిన కుర్రాళ్లలో కొందరు స్ట్రీమింగ్ చేసుకుని నెట్టుకొచ్చారు, కొందరు డిగ్రీలో మళ్లీ చేరారు, డిగ్రీలో చేరడానికి ఇంటర్ కూడా లేనివాళ్లు డెలివరీ బండి ఎక్కారు. బండి ఎక్కడం తప్పని కాదు. వేరే దారి లేక ఎక్కారు, అదీ బాధ.

విదేశాల్లోనూ అంతే. డోటా 2లో ‘ది ఇంటర్నేషనల్’ బహుమతి 2021లో 4 కోట్ల డాలర్లు దాటింది. ఆ సొమ్ములో ఎక్కువ భాగం అభిమానులు గేమ్‌లో కొనే బ్యాటిల్ పాస్ నుంచి వచ్చేది. ఆ గేమ్ యజమాని వాల్వ్ కంపెనీ ఆ పద్ధతి మార్చింది. 2023కి అదే టోర్నమెంట్ బహుమతి 30 లక్షల డాలర్ల చిల్లరకు దిగింది. ఆటగాళ్ల ఆట ఏమీ తగ్గలేదు.

కాబట్టి నా మాట ఇది: ఇంటర్ పరీక్షలు రాయాల్సిందే, ఇందులో బేరం లేదు. పరీక్షలయ్యాక ఏదో ఒక డిగ్రీలో, దూరవిద్యైనా సరే, పేరు ఉండాలి. ఆ షరతు మీద ఒక ఏడాది మనస్ఫూర్తిగా ఇవ్వండి. దొంగచాటుగా ఆడే ఏడాది వల్ల ఎవరికీ లాభం లేదు. ఏడాదిలో ఏదైనా టీమ్ జీతమిచ్చి పిలిచిందా, లేదా అన్నదే లెక్క. ‘దగ్గర్లో ఉన్నాను’ అనే మాట లెక్కలోకి రాదు. ఇంకోటి, బీజీఎంఐలో 18 నిండనివాళ్లకు రోజుకు 3 గంటల పరిమితి ఉంది. మీ వాడు రాత్రి రెండింటిదాకా ఆడుతున్నాడంటే వయసు తప్పు చెప్పో, మీ నంబరుతోనో అకౌంట్ తెరిచి ఉంటాడు. పెద్ద టోర్నమెంట్లలో గుర్తింపు కార్డులు చూస్తారు. అదిప్పుడే సరిచేసుకోమనండి.

వాళ్ల నాన్నగారికి ఒక్క మాట. 2024 జూన్ చివర్లో బీజీఎంఐ పెద్ద టోర్నమెంట్ బీజీఐఎస్ ఫైనల్స్ హైదరాబాద్ హైటెక్స్‌లో జరిగాయి. ప్రేక్షకుల్లో పిల్లలతో వచ్చిన తండ్రులను చూశాను. ఆట అర్థం కాక పక్కవాళ్లను అడుగుతూనే ఉన్నారు, అయినా చివరిదాకా కూర్చున్నారు. మాట్లాడటం మానేస్తే పిల్లవాడు ఆట మానడు, మీకు చెప్పడం మానేస్తాడు.

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని. మా మనవడు ‘ఈ-స్పోర్ట్స్’ అంటాడు. రమ్మీ యాప్‌లకూ దీనికీ తేడా ఏమిటి? రెండూ ఫోన్‌లో డబ్బు కోసం ఆడేవేగా? (జగిత్యాల)

జవాబు: మాస్టారూ, మీ అనుమానం తప్పు కాదు. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని ఆపింది, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆపింది. అప్పులపాలైన ఇళ్లను మీరూ చూసే ఉంటారు. తేడా ఎక్కడంటే, రమ్మీలో మీరు పందెం కాస్తారు, ఎదుటివాడు పోగొట్టుకున్నదే మీకు వస్తుంది. టోర్నమెంట్‌లో నిర్వాహకుడో, స్పాన్సరో పెట్టిన బహుమతి నైపుణ్యంతో గెలిచినవాడికి వస్తుంది. 2022 డిసెంబర్‌లో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల మంత్రిత్వ శాఖ కిందికి తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. పందేల ఆటలు నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. టోర్నమెంట్‌లో చేరడానికి రిజిస్ట్రేషన్ రుసుము ఉండొచ్చు, పందెం ఉండకూడదు.

మీరు చదరంగం ఆడే తరం కాబట్టి ఇంకోటి చెబుతాను. 2025లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో చదరంగమూ ఉంది. కార్ల్‌సన్ గెలిచాడు. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి సెమీఫైనల్ దాకా వెళ్లి నాలుగో స్థానంలో నిలిచాడు.

మనవణ్ని ఒక్కటి అడగండి: టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపుల్లో ‘కస్టమ్ రూమ్’లు ఆడుతున్నాడా? మనిషికి యాభై రూపాయలు ఎంట్రీ, ఒక్కో కిల్‌కు ఇంత అని చేతులు మారే ఆటలవి. పేరు ఈ-స్పోర్ట్స్, లోపల జరిగేది మీరు భయపడుతున్నదే. కట్టిన డబ్బు తీసుకుని గ్రూపు మూసేసే అడ్మిన్‌లూ ఉన్నారు. మీరు లెక్కల మాస్టారు కదా, ఎంట్రీ ఎంత వసూలైంది, బహుమతులుగా ఎంత ఇచ్చారు, మిగిలింది ఎవరి జేబులోకి పోయింది అన్న లెక్క వాడితోనే కట్టించండి.

ప్రశ్న: అన్నా, నా వయసు 20. బీకాం చివరి ఏడాది. ఒక టీమ్ నన్ను సపోర్ట్ ప్లేయర్‌గా తీసుకుంటానంది. రెండేళ్ల కాంట్రాక్ట్. నెలకు స్టైపెండ్, ప్రైజ్ మనీలో 30 శాతం ఆర్గ్‌కు (టీమ్ నడిపే సంస్థకు), నా యూట్యూబ్, ఇన్‌స్టా ఆదాయంలో కూడా వాటా. మధ్యలో వెళ్తే బయౌట్ కట్టాలట. రేపటిలోగా సంతకం పెట్టమంటున్నారు, లేకపోతే వేరేవాడిని తీసుకుంటారట. ఏం చేయను? (హైదరాబాద్)

జవాబు: తమ్ముడూ, రేపు సంతకం పెట్టకు. నిన్ను నిజంగా కావాలనుకున్నవాళ్లు వారం ఆగుతారు. ఆగకపోతే వాళ్లకు కావాల్సింది సపోర్ట్ ఆడే ఎవడో ఒకడు, నువ్వు కాదు.

ముందు లెక్క చూద్దాం. మీ టీమ్ 10 లక్షలు గెలిచిందనుకో. ఇలాంటి బహుమతుల మీద సాధారణంగా 30 శాతం పన్ను, దాని మీద సెస్సు పోతుంది. అంటే 31.2 శాతం. మిగిలింది 6,88,000. అందులో ఆర్గ్ వాటా 30 శాతం పోతే 4,81,600. ఐదుగురు ఆటగాళ్లు, ఒక కోచ్ పంచుకుంటే తలకు 80 వేల చిల్లర. పేపర్లో మాత్రం ‘పది లక్షలు గెలిచిన కుర్రాళ్లు’ అని వస్తుంది, మీ ఊళ్లో అందరూ నిన్ను అప్పు అడుగుతారు. 30 శాతం వాటా మరీ అన్యాయమని నేననను. ఫ్లాట్ అద్దె, తిండి, ఫోన్లు, ప్రయాణాలు వాళ్లే పెట్టుకుంటే. పెట్టుకుంటారా? అది కాగితం మీద ఉందా? పన్ను కోయకముందు మొత్తంలో 30 శాతమా, కోశాక మిగిలినదాంట్లోనా? ఈ ఒక్క మాట రాయకపోవడం వల్ల 10 లక్షల్లో మీ ఆరుగురికీ కలిపి 93,600 రూపాయలు తేడా వస్తుంది. డబ్బు ఎన్ని రోజుల్లో ఇవ్వాలన్నది కూడా ఉండాలి. బహుమతి నిర్వాహకుడి దగ్గర నుంచి ఆర్గ్‌కు, ఆర్గ్ నుంచి ఆటగాడికి చేరేసరికి నెలలు పట్టిన సందర్భాలు చాలా చూశాను.

యూట్యూబ్, ఇన్‌స్టా విషయంలో గట్టిగా ఉండు. టీమ్ జెర్సీ వేసుకుని, టీమ్ తెచ్చిన స్పాన్సర్‌తో చేసిన వీడియోలో వాటా అడగడం న్యాయం. నువ్వు ఇంటర్‌లో ఉన్నప్పుడు మొదలుపెట్టిన చానెల్ మొత్తంలో వాటా అడగడం కాదు. అకౌంట్ పాస్‌వర్డ్ ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకు. 2019లో అమెరికాలో టిఫ్యూ అనే ఫోర్ట్‌నైట్ గేమ్ ఆటగాడు తన టీమ్ ఫేజ్ క్లాన్ మీద కోర్టుకెళ్లాడు. కొన్ని స్పాన్సర్ ఒప్పందాల్లో 80 శాతం దాకా టీమ్ తీసుకునేలా కాంట్రాక్ట్ ఉందన్నది అతని ఫిర్యాదు. మేం అంత తీసుకోనేలేదని టీమ్ అంది. 2020లో రాజీ పడ్డారు. అతనికి కోట్లమంది అభిమానులున్నారు, లాయర్లున్నారు. నీకు ఈ వారం రోజులు మాత్రమే ఉన్నాయి.

బయౌట్ అంటే వేరే టీమ్ నిన్ను తీసుకోవాలంటే మీ టీమ్‌కు కట్టాల్సిన సొమ్ము. అది ఉండటం తప్పు కాదు. కానీ నీ స్టైపెండ్‌కు యాభై, వంద రెట్లు రాస్తే నిన్ను బెంచీ మీద కూర్చోబెట్టి కూడా వదలరు. ‘వరుసగా ఇన్ని నెలలు లైనప్‌లో ఆడించకపోతే బయౌట్ లేకుండా వెళ్లిపోవచ్చు’ అన్న వాక్యం అడుగు. ‘కాంట్రాక్ట్ అయిపోయాక ఏడాదిపాటు ఇంకెక్కడా ఆడకూడదు’ అని రాసి ఉంటే దానికి భయపడకు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం మనిషి బతుకుతెరువును అలా అడ్డుకునే షరతు చెల్లదు. కాంట్రాక్ట్ నడుస్తుండగా మాత్రం కట్టుబడాల్సిందే. ఇంకో సంగతి, నీ టీమ్‌లో 18 నిండని తమ్ముళ్లుంటే వాళ్లు పెట్టిన సంతకానికి చట్టంలో విలువ లేదు, అమ్మానాన్నలను కూర్చోబెట్టి మాట్లాడమను.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఎవరూ అడగరు: గేమ్ ఆగిపోతే? 2022లో చాలామంది కాగితాలు తీసి చూసుకుంటే ఆ ఊసే లేదు. కొన్ని టీమ్‌లు జీతాలిచ్చాయి, కొన్ని ‘పరిస్థితి చూస్తున్నారుగా’ అన్నాయి. గేమ్ ఆగితే ఎన్ని నెలల స్టైపెండ్ ఇస్తారో, ఆ సమయంలో నిన్ను వదిలేస్తారో లేదో రాయించు. వందల సినిమా కాంట్రాక్టులు చూసిన లాయర్లు హైదరాబాద్‌లో ఉన్నారు, ఒకరికి ఫీజిచ్చి చదివించు. బీకాం చదువుతున్నావు కదా, పన్ను సంగతి మీ లెక్చరర్‌ను అడిగినా చెబుతారు. స్టైపెండ్‌కు ఒక రకం పన్ను, బహుమతికి ఇంకో రకం.

ప్రశ్న: నేను వాలరెంట్ (ఐదుగురేసి ఆడే కంప్యూటర్ షూటింగ్ గేమ్) ఆడతాను, వయసు 19. ర్యాంకు బాగానే ఉంది. మైక్ ఆన్ చేసి అమ్మాయి గొంతు వినపడగానే బూతులు మొదలవుతాయి. అందుకని మైక్ లేకుండా ఆడుతున్నాను. ఇలా ఆడి పైకి రాగలనా? (విశాఖపట్నం)

జవాబు: మైక్ లేకుండా ర్యాంకు పెరుగుతుంది తల్లీ, టీమ్ దొరకదు. వాలరెంట్‌లో సగం ఆట మాటలే. ముక్కూమొహం తెలియనివాళ్లతో ర్యాంకు మ్యాచ్‌ల్లో మైక్ ఆపుకో, బూతులు తిట్టినవాణ్ని మ్యూట్ చేసి రిపోర్ట్ కొట్టు. వాళ్లకు సమాధానం చెప్పే పని పెట్టుకోకు. తెలిసిన ఐదుగురిని పోగుచేసుకుని వాళ్లతో మాత్రం రోజూ మాట్లాడుతూ ఆడు. ఈ గేమ్ కంపెనీయే 2021 నుంచి ‘గేమ్ చేంజర్స్’ పేరుతో ఆడవాళ్లకు ప్రత్యేక టోర్నమెంట్లు నడుపుతోంది. టీమ్ తయారైతే క్వాలిఫయర్లకు దారి ఉంది.

2019లో బ్లిజార్డ్ గేమ్ కంపెనీ వేడుక బ్లిజ్‌కాన్‌లో, హార్త్‌స్టోన్ అనే కార్డుల గేమ్ గ్రాండ్‌మాస్టర్స్ గ్లోబల్ ఫైనల్ గెలిచిన చైనా అమ్మాయి లీ షియావ్‌మెంగ్, గెలిచాక వేదిక మీదే చెప్పింది, ఎప్పుడో ఒక టోర్నమెంట్‌లో పేరు ఇవ్వడానికి వరసలో నిలబడితే, అమ్మాయివి ఈ వరసలో ఎందుకు అన్నారట. అంతకుముందు ఏడాది కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో స్టార్‌క్రాఫ్ట్ 2 అనే యుద్ధవ్యూహాల గేమ్ టోర్నమెంట్‌ను స్కార్లెట్ అనే కెనడా అమ్మాయి గెలిచింది, అదీ కొరియా వాళ్ల గడ్డ మీద, కొరియా వాణ్ని ఓడించి. నీ రికార్డింగ్‌లు రెండు పంపు, ఓడినవి. చూసి చెబుతాను.

ప్రశ్న: కుడి బొటనవేలు మొదట్లో నొప్పి. ఆడుతుంటే తగ్గినట్టు ఉంటుంది, పొద్దున్నే బిగుసుకుపోతుంది. స్నేహితులు స్ప్రే కొట్టుకోమంటున్నారు. (నెల్లూరు)

జవాబు: స్ప్రే కాదు, ఎముకల డాక్టరు. ఈ వారమే. ఆడుతుంటే తగ్గడం మంచి గుర్తని అనుకోకు. బొటనవేలి స్నాయువుల (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల) దగ్గర వాపు మొదట్లో విశ్రాంతి, వ్యాయామంతో సర్దుకుంటుంది, ముదిరాక సూదిమందు, ఆపరేషన్ దాకా వెళ్తుంది. చైనాలో ఉజి అనే లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటగాడు 2020లో రిటైరవుతున్నానన్నాడు. కారణాలు: ఏళ్ల తరబడి ఒత్తిడి, రాత్రిళ్లు మేలుకోవడం, ఊబకాయం, టైప్ 2 మధుమేహం, దెబ్బతిన్న చేయి. వయసు 23.

ప్రశ్న: నాకు 24. మొబైల్ షాపులో పని. రెండు మూడు టీమ్‌ల ట్రయల్స్‌కు వెళ్లాను, వయసు చూసే పక్కన పెట్టారనిపిస్తోంది. ఇక ఆశ వదులుకోవాలా? (రాజమహేంద్రవరం)

జవాబు: వయసు ఒక్కటే కారణం కాదు. ఇందాకటి ఫేకరే 2024లో లండన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచి ఫైనల్లో ఉత్తమ ఆటగాడయ్యాడు, 28 ఏళ్లకి. 2025లో చెంగ్డూలో మళ్లీ గెలిచాడు. కానీ అతనికి పదేళ్లుగా ఒకే టీమ్, ఒకే పని, మంచి జీతం ఉన్నాయి. నువ్వు పొద్దుటి నుంచి రాత్రి దాకా షాపులో నిలబడి వచ్చి ఆడుతున్నావు. నీతో పోటీ పడే 17 ఏళ్ల వాడు అప్పటికే ఆరు మ్యాచ్‌లు ఆడి ఉంటాడు. వేళ్ల చురుకుదనం కన్నా ఖాళీ గంటలే తేడా. నిజం చెప్పాలంటే, అసాల్టర్‌గా ఇక కష్టం. ఐజీఎల్‌గా వయసు కలిసొస్తుంది, తలకాయ నిమ్మళంగా ఉన్నవాళ్ల కొరత అన్ని టీమ్‌లకూ ఉంది.

ఇంకో దారి చూశావా? ఈ రంగంలో ఆడేవాళ్ల కన్నా ఆడించేవాళ్ల అవసరం ఎక్కువ. అబ్జర్వర్ అని ఒక పని ఉంది. లైవ్‌లో మనం చూసే కెమెరా అతని చేతిలోనే ఉంటుంది. 64 మంది ఒకే మ్యాపులో తిరుగుతుంటే వచ్చే ఐదు సెకన్లలో కాల్పులు ఎక్కడ జరుగుతాయో ముందే పసిగట్టి అక్కడికి వెళ్లాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే చాంపియన్‌షిప్ తేల్చిన ఫినిష్ లక్షలమందికి కనపడకుండా పోతుంది, చాట్‌లో అందరూ నిన్నే తిడతారు. బాగా చేస్తే నీ పేరు ఎవరికీ తెలియదు. ఆట లోతుగా తెలిసినవాడే చేయగలడు, వేళ్ల వేగం అక్కర్లేదు. కాలేజీ ఫెస్ట్‌ల టోర్నమెంట్లలో ఉచితంగా మొదలుపెట్టు, ఆ రికార్డింగే నీ బయోడేటా.

కామెంటరీ కూడా ఉంది. తెలుగులో ఈ ఆట వినిపించేవాళ్లు చాలా తక్కువ. ‘నాక్ అయిపోయాడు, రివైవ్ ఇస్తున్నారు’ అని అరిచేవాళ్లు ఉన్నారు గానీ, ఆ టీమ్ ఆ ఇంట్లోకి ఎందుకు వెళ్లిందో చెప్పేవాళ్లు లేరు. గోదావరి జిల్లా వాడివి, మాటకు కొదవ ఉండదనుకుంటాను. షాపు ఉద్యోగం మాత్రం మానకు. ఈ పనులకు పిలుపు వారాంతాల్లోనే ఎక్కువ.

ప్రశ్న: అన్నా నాకు 14. ప్రో అవ్వాలంటే ఏ ఫోన్ కొనాలి? మా నాన్న నలభై వేల దాకా ఇస్తానన్నారు. (ఖమ్మం)

జవాబు: ఇప్పుడే వద్దు. నువ్వు వాడుతున్న ఫోన్‌లో ఆట ఆగకుండా నడుస్తోందా? చాలు. నువ్వు 18కి వచ్చేసరికి ఈ నలభై వేల ఫోన్ పాతదైపోతుంది, గేమ్ కూడా మారిపోయి ఉండొచ్చు. రోజుకు గంట ఆడు, సెన్సిటివిటీ సెట్టింగులు యూట్యూబర్ మారినప్పుడల్లా మార్చకు, ఒకటే పెట్టుకో. నాన్న నలభై వేలు ఇస్తానన్నారంటే మంచివాళ్లే, అందులో వెయ్యి పెట్టి మంచి ఇయర్‌ఫోన్స్ కొనుక్కో. అడుగుల చప్పుడు ఎటు నుంచి వస్తోందో వినడం ఈ వయసులోనే పట్టుబడుతుంది. వైర్ ఉన్నవే తీసుకో, బ్లూటూత్‌లో చప్పుడు కాస్త ఆలస్యంగా వస్తుంది.